టామ్ జాన్‌స్టన్: పార్లమెంటు లేకుండా స్కాట్లాండ్‌ను నడిపిన మంత్రి

1941 ఫిబ్రవరిలో స్కాట్లాండ్ వ్యవహారాల మంత్రిగా రమ్మని చర్చిల్ కబురు పంపేనాటికి టామ్ జాన్‌స్టన్‌కు మంత్రి పదవి మీద మోజు తీరిపోయింది. వయసు 59. స్కాట్లాండ్ మొత్తానికీ పౌర రక్షణ కమిషనర్‌గా చేస్తున్నాడు. యుద్ధం ముగిశాక రాజకీయాలకు దణ్ణం పెట్టి, చరిత్ర పుస్తకాలు రాసుకుంటూ కాలక్షేపం చేద్దామనుకున్నాడు. రాయడం తర్వాత, ముందు వచ్చి చరిత్రలో ఓ చెయ్యి వేయమన్న ధోరణిలో చర్చిల్ పట్టుబట్టాడు. జాన్‌స్టన్ ఒప్పుకున్నాడు గానీ ఊరికే ఒప్పుకోలేదు. గతంలో స్కాట్లాండ్ వ్యవహారాల మంత్రులుగా పనిచేసి ఇంకా బతికున్న వాళ్ళందరినీ, ఏ పార్టీ వాళ్ళయినా సరే, ఒక మండలిగా కూర్చోబెడతానన్నాడు. వాళ్ళంతా ఒక మాట మీదికి వస్తే ప్రధాని దానికి అండగా ఉండాలన్నాడు. యుద్ధం నడిచినన్నాళ్ళూ తనకు జీతం వద్దన్నాడు. వద్దనేవాణ్ణి ఎవరాపగలరన్నట్టు చర్చిల్ జవాబిచ్చాడని జాన్‌స్టన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఈ బేరంలో అసలు కీలకం జీతం కాదు, ఆ మండలి. 1707లో సొంత పార్లమెంటును వదులుకుని లండన్‌తో కలిసిపోయిన దేశం స్కాట్లాండ్. చట్టం, చర్చి, చదువు విడిగానే మిగిలాయి కానీ వాటి బాగోగులు చూసేది లండన్ మంత్రివర్గంలో ఉండే ఒకే ఒక్క మంత్రి. వ్యవసాయం, ఆసుపత్రులు, బడులు, ఇళ్ళు, జైళ్ళు, చేపల వేట, అన్నీ ఆయన నెత్తినే. పని కొండంత, పలుకుబడి గోరంత. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో చాలామంది దాన్ని పెద్ద పదవికి మెట్టుగానో, పదవీ విరమణకు ముందు మజిలీగానో చూశారు. జాన్‌స్టన్ ఒక్కడే దాన్ని దాదాపు ప్రధాని పదవిలా వాడుకున్నాడు. స్కాట్లాండ్ మంత్రుల్లో గొప్పవాడెవరని అడిగితే చరిత్రకారులు ఇప్పటికీ ముందుగా ఆయన పేరే చెబుతారు. అది న్యాయమైన తీర్పే. కాకపోతే ఆయన ఏ దారిన గెలిచాడో, ఆ దారిలో వేటిని పక్కన పెట్టేశాడో కూడా చూడకపోతే ఆ తీర్పు సగమే అవుతుంది.

జాన్‌స్టన్ 1881లో గ్లాస్గోకు దగ్గర్లోని కిర్కిన్‌టిల్లాక్ అనే ఊళ్ళో, కిరాణా వర్తకుడి ఇంట పుట్టాడు. బంధువుల వైపు నుంచి ఒక అచ్చాఫీసు చేతికొచ్చింది. అది చాలు, 1906లో ‘ఫార్వర్డ్’ అనే సోషలిస్టు వారపత్రిక పెట్టేశాడు. మద్యం ప్రకటనలు వేసుకోనన్నాడు, జూదం ప్రకటనలు వేసుకోనన్నాడు. డబ్బు వచ్చే రెండు దారులూ అలా మొదట్లోనే మూసుకున్న పత్రిక అది. 1909లో స్కాట్లాండ్ ప్రభు వంశాల మీద ఆయన రాసిన పుస్తకం మరీ ఘాటైంది. ఫలానా డ్యూకు గారి ముత్తాత చర్చి మాన్యాలు ఎలా మింగాడు, ఫలానా ఎర్లు గారి పూర్వీకుడు ఊరుమ్మడి భూముల్ని ఎలా కలిపేసుకున్నాడు, ఇలా వంశం తర్వాత వంశాన్ని వరసబెట్టి దులిపేశాడు. పుస్తకం కూలిజనం చేతుల్లో విపరీతంగా తిరిగింది. పెద్దయ్యాక ఆయనకే అది ఏకపక్షంగా, అనవసరంగా మనసు నొప్పించేలా ఉందనిపించింది. ఆ మెత్తబడడం గుర్తుంచుకోవాలి, కథలో మళ్ళీ పనికొస్తుంది.

‘ఫార్వర్డ్’కు అసలు పేరు తెచ్చింది ఒక క్రిస్మస్ సభ. 1915 డిసెంబరు 25న, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆయుధోత్పత్తి మంత్రి లాయిడ్ జార్జ్ గ్లాస్గోలోని సెంట్ ఆండ్రూస్ హాల్లో కార్మిక ప్రతినిధులతో మాట్లాడడానికి వచ్చాడు. అప్పట్లో స్కాట్లాండ్‌లో క్రిస్మస్ సెలవు రోజు కాదు. నైపుణ్యం ఉన్న పనివాళ్ళ చోట కొత్తవాళ్ళనూ ఆడవాళ్ళనూ పెట్టి ఉత్పత్తి పెంచాలన్నది సర్కారు ఆలోచన. పనివాళ్ళకు అది తమ పొట్ట మీద కొట్టడంగా కనబడింది. మంత్రి నోరు విప్పగానే కేకలు, ఈలలు, ఎర్రజెండా పాట. ఉపన్యాసం సగం గాలికి పోయింది. ఆ తర్వాత పత్రికలన్నీ సర్కారు అందించిన వార్తనే వేశాయి, అందులో సభ సజావుగా సాగినట్టుంది. జాన్‌స్టన్ మాత్రం హాల్లో ఏం జరిగిందో జరిగినట్టు, కేకలతో సహా అచ్చేశాడు. పోలీసులు వచ్చి పత్రిక ప్రతులు పట్టుకుపోయారు, అయిదు వారాల పాటు ‘ఫార్వర్డ్’ మూతపడింది. మంత్రిగారి పరువు కాపాడాలని చేసిన ఆ పని వల్ల పేరు మారుమోగింది ఎవరిదంటే జాన్‌స్టన్‌ది.

గ్లాస్గో మీదుగా పారే క్లైడ్ నది ఒడ్డున ఆ రోజుల్లో విప్లవం వచ్చేస్తుందని నమ్మినవాళ్ళకు కొదవ లేదు. జాన్‌స్టన్ వాళ్ళతోనే తిరిగాడు, వాళ్ళ మాటలు అచ్చేశాడు, కానీ మనసు మాత్రం వార్డు పనుల మీద ఉండేది. కిర్కిన్‌టిల్లాక్ పురపాలక సభ్యుడిగా ఆయన చేసిన పనులు చూస్తే ఇది తేటపడుతుంది. 1920లో ఆ చిన్న ఊరు సొంతంగా మునిసిపల్ బ్యాంకు తెరిచింది. జనం పొదుపు డబ్బు ఊళ్ళోనే ఉంటుంది, ఊరు తక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటుంది. లండన్‌లో ఎవరి అనుమతికీ ఎదురుచూడక్కర్లేదు. మద్యం అమ్మకాల మీద స్థానికంగా ఓటు వేసుకునే వీలున్న చట్టం కింద ఆ ఊరు దుకాణాలు మూసేసింది, 1960ల దాకా అలాగే ఉంది. చేతిలో ఉన్న అధికారంతో ఏం చేయొచ్చో ముందు అది చేసేయాలి, లేని అధికారం సంగతి తర్వాత చూద్దాం అన్నది ఆయన పద్ధతి.

1922లో వెస్ట్ స్టర్లింగ్‌షైర్ నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు, 1924 అక్టోబరులో ఓడిపోయాడు, రెండు నెలలు తిరక్కుండా డండీ ఉప ఎన్నికలో గెలిచాడు. ఈ డండీ సీటుకు ఓ తమాషా ఉంది. 1922లో అదే ఊరు చర్చిల్‌ను ఓడించి ఇంటికి పంపింది. అప్పుడు గెలిచిన ఇద్దరిలో ఒకడైన మోరెల్ చనిపోవడంతోనే జాన్‌స్టన్‌కు ఈ అవకాశం వచ్చింది. తనను తరిమిన ఊరు గెలిపించినవాణ్ణే పదహారేళ్ళ తర్వాత పిలిచి పదవి ఇచ్చాడన్నమాట చర్చిల్.

డండీ అంటే జనపనార. ఊరికి ఊరే గోనె సంచుల మీద బతికేది, మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆ మిల్లులకు పోటీ కలకత్తా. హుగ్లీ ఒడ్డు మిల్లుల్లో పెట్టుబడి చాలావరకు స్కాట్లాండ్‌దే, మేనేజర్లు, మేస్త్రీలు చాలామంది డండీ నుంచి వచ్చినవాళ్ళే. అంటే డండీ డబ్బే డండీ కూలీ నోటి దగ్గర కూడు లాగుతోంది. 1925లో జాన్‌స్టన్, డండీ జనపనార కార్మిక సంఘం కార్యదర్శి జాన్ సైమ్‌తో కలిసి భారతదేశం వచ్చాడు. మరుసటి ఏడు వాళ్ళు అచ్చేసిన నివేదికలో లెక్క చాలా సూటిగా ఉంటుంది. 1915 నుంచి 1924 దాకా పదేళ్ళలో మిల్లుల లాభాలు, నిల్వలు కలిపి 30 కోట్ల పౌండ్లు. కూలీలు సుమారు 3 లక్షల మంది. తలా ఏడాదికి 100 పౌండ్ల లాభం. కూలీకి ఏడాదికి దక్కేది సగటున పన్నెండున్నర పౌండ్లు. అంటే కూలికి ఎనిమిది రెట్లు లాభం.

ఆ 3 లక్షల మందిలో మనవాళ్ళూ ఉన్నారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని కలకత్తా మిల్లులకు పోయిన తెలుగు కుటుంబాల కథ ఉత్తరాంధ్రలో కొత్తది కాదు. టీటాగఢ్ మిల్లుల చుట్టుపక్కల వాళ్ళ సంతతి ఇప్పటికీ ఉంది. జాన్‌స్టన్ వచ్చింది వాళ్ళ కోసమే అనుకుంటే పొరపాటే, ఆయన బాధ డండీ ఓటరు బాధ. అయినా కలకత్తా కూలీని తిట్టి, దిగుమతులు ఆపమని కేకలేసి ఊరుకోవచ్చు. ఆ పని చేయకుండా లాభం ఎవరి జేబులోకి పోతోందో లెక్క కట్టి చూపించాడు. ఆ అంకెల్ని తర్వాత కమ్యూనిస్టు రచయితలు తమ వాదనకు వాడుకున్నారు.

1929లో లేబర్ ప్రభుత్వం వచ్చినప్పుడు స్కాట్లాండ్ ఉపమంత్రి అయ్యాడు. ఆ రోజుల్లో ఆయన చేతుల మీదుగా జరిగిన ఒక పని చిన్నదే అయినా చెప్పుకోదగ్గది. అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే సెంట్ కిల్డా దీవిలో ఇక బతకలేమని జనం మొరపెట్టుకుంటే, 1930 ఆగస్టు 29న అక్కడ మిగిలిన 36 మందిని నౌక ఎక్కించి ప్రధాన భూభాగానికి తెచ్చారు. వాళ్ళలో కొందరికి అడవుల శాఖలో పని ఇచ్చారు. చెట్టన్నదే లేని దీవిలో పుట్టి పెరిగినవాళ్ళకు! కొండ ప్రాంతాలకు, దీవులకు బతుకుతెరువు లేకపోతే చివరికి ఏం చేయాల్సి వస్తుందో జాన్‌స్టన్ దగ్గరగా చూసింది అప్పుడే. 1931లో కొద్ది నెలలు మంత్రివర్గంలోనూ ఉన్నాడు. నిరుద్యోగ భృతి కోతను ఆ ఆగస్టులో వ్యతిరేకించిన తొమ్మిది మందిలో ఆయనొకడు. ప్రభుత్వం కూలింది, ఎన్నికల్లో సీటూ పోయింది.

ఇక 1941. షరతు ప్రకారం మండలి ఏర్పడింది. అయిదుగురు మాజీ మంత్రులు, వాళ్ళలో కన్సర్వేటివులు, లిబరళ్ళు. ఒకాయన జాన్ కోల్విల్, రెండేళ్ళు తిరిగేసరికి బొంబాయి గవర్నరుగా మన దేశానికే వచ్చాడు. ఈ మండలి ఎక్కువసార్లు కూర్చోలేదు, తీర్మానాలతో హోరెత్తించనూ లేదు. దాని పని వేరు. లండన్ మంత్రివర్గంలో జాన్‌స్టన్ ఏదైనా అడిగితే అది లేబర్ పార్టీ కోరిక అనడానికి ఎవరికీ నోరు రాకూడదు, యావత్ స్కాట్లాండ్ మాట అనిపించుకోవాలి. అంతవరకు అది బ్రహ్మాండంగా పనిచేసింది.

రెండో ఆయుధం భయపెట్టడం. స్కాట్లాండ్ అమ్మాయిల్ని ఇంగ్లండ్ మధ్య ప్రాంతపు కర్మాగారాలకు తరలిస్తున్నారని ఊళ్ళలో గుర్రుగా ఉంది. స్కాటిష్ జాతీయ పార్టీ అప్పటికి పిల్ల పార్టీయే అయినా ఉప ఎన్నికల్లో ఓట్లు పెంచుకుంటోంది. 1945 ఏప్రిల్‌లో మదర్‌వెల్‌లో గెలిచింది కూడా. జాన్‌స్టన్ మంత్రివర్గ సమావేశాల్లో ఇదంతా ఏకరువు పెట్టి, అడిగింది ఇవ్వకపోతే ఐర్లండ్‌లో స్వాతంత్ర్యం కోసం లేచిన షిన్ ఫేన్ పార్టీ లాంటిది ఇక్కడా లేస్తుందని హెచ్చరించేవాడని, దాంతో సహచరులు మెత్తబడేవారని హోంమంత్రి హెర్బర్ట్ మోరిసన్ తర్వాత రాశాడు. ఆ జాతీయవాదుల్ని జాన్‌స్టన్ దగ్గరికి రానిచ్చిందీ లేదు, వాళ్ళ పేరు చెప్పి పని చేయించుకోవడం మాననూ లేదు.

ఆసుపత్రుల సంగతి చూడండి. బాంబుదాడుల్లో గాయపడేవాళ్ళ కోసమని స్కాట్లాండ్‌లో ఏడు కొత్త ఆసుపత్రులు కట్టారు. 1941 మార్చిలో క్లైడ్‌బ్యాంక్ మీద ఘోరమైన దాడి జరిగినా, మొత్తం మీద ఊహించినంత మంది క్షతగాత్రులు రాలేదు. మంచాలు ఖాళీ, డాక్టర్లు నర్సులు ఖాళీ. మరోపక్క ఊళ్ళలోని ధర్మాసుపత్రుల్లో ఆపరేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే జనం. జాన్‌స్టన్ ఆ మంచాలను ముందుగా క్లైడ్ తీరపు కార్మికులకు తెరిచాడు, ఆ తర్వాత ఎదురుచూపుల జాబితాలో ఉన్నవాళ్ళకు. యుద్ధం ముగిసేసరికి వేలమందికి పైసా ఖర్చు లేకుండా వైద్యం అందింది. కొత్త చట్టం లేదు, పెద్ద చర్చ లేదు. 1948లో బ్రిటన్ అంతటా ఉచిత వైద్యం మొదలయ్యేనాటికి స్కాట్లాండ్ అధికారులు దాన్ని ఒక విధంగా సాధన చేసి ఉన్నారు.

అన్నిటికంటే పెద్దది జలవిద్యుత్తు. స్కాట్లాండ్ ఉత్తర కొండల్లో వానకు లోటు లేదు, ఎత్తు నుంచి పడే నీటికీ లోటు లేదు. అయినా వంద చిన్న కమతాల్లో ఒక్కదానికైనా కరెంటు ఉంటే గొప్ప. అంతకు ముందు ప్రైవేటు కంపెనీలు తెచ్చిన బిల్లుల్ని పార్లమెంటు వరసగా తిప్పికొట్టింది, ఒక్క కలెడోనియన్ పథకాన్నే 1936 నుంచి మూడేళ్ళలో మూడుసార్లు. అడ్డుపడ్డవాళ్ళ జాబితా వింతగా ఉంటుంది. సాల్మన్ చేపలు, జింకల వేట పోతాయని జమీందార్లు. బొగ్గు గిరాకీ పడిపోతుందని గనుల యజమానులు. పనులు పోతాయని గని కార్మికుల ప్రతినిధులు. అందం చెడుతుందని ప్రకృతి ప్రేమికులు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఈ ఒక్క విషయంలో ఒక్కటయ్యారు.

జాన్‌స్టన్ ముందు ఒక కమిటీ వేశాడు. దానికి అధ్యక్షుడిగా పెట్టింది తోటి సోషలిస్టును కాదు, లార్డ్ కూపర్ అనే న్యాయమూర్తిని. కూపర్ 1942 చివర నివేదిక ఇచ్చాడు: లాభం కోసం కాకుండా ఉత్తర ప్రాంతపు అభివృద్ధి కోసం ఒక ప్రభుత్వ బోర్డు పెట్టమని. 1943లో చట్టం పెద్ద అడ్డంకి లేకుండా గట్టెక్కింది. అందులో ఉన్న ఏర్పాటు సులువుగా అర్థమయ్యేదే. కొండల్లో తయారైన కరెంటులో అధిక భాగాన్ని దక్షిణాది పట్టణాలకు, జాతీయ గ్రిడ్‌కు అమ్ముతారు. ఆ రాబడితో, తీగ లాగితే ఎన్నటికీ గిట్టుబాటు కాని మారుమూల గుడిసెకు కరెంటు ఇస్తారు. పైగా ఆ ప్రాంతపు ఆర్థికాభివృద్ధికీ సామాజిక బాగుకూ తోడ్పడాలని బోర్డు బాధ్యతల్లోనే రాశారు. కరెంటు సంస్థకు అలాంటి బాధ్యతను చట్టంలో రాసిపెట్టడం బ్రిటన్‌లో అప్పటికి అరుదు.

బోర్డుకు మొదటి అధ్యక్షుడెవరు? ఎయిర్లీ ఎర్లు. అంటే 1909 పుస్తకంలో జాన్‌స్టన్ ఉతికి ఆరేసిన ఆ ప్రభు వర్గపు మనిషే. దీన్ని లొంగుబాటు అన్నవాళ్ళున్నారు, చాణక్యం అన్నవాళ్ళూ ఉన్నారు. చాణక్యమే అనాలి. జమీందార్ల నోరు మూయించడానికి జమీందారునే కుర్చీలో కూర్చోబెట్టడం కంటే చవకైన మార్గం లేదు. కానీ చవకంటే బొత్తిగా ఖర్చు లేదని కాదు. నీటి కోసం నేల సేకరించారు, పరిహారం చెల్లించారు, కొండలు మాత్రం ఆ పాత కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయాయి. ఊరుమ్మడి భూముల్ని మింగారని ఒకప్పుడు గగ్గోలు పెట్టిన మనిషి, చేతికి అధికారం వచ్చాక ఆ ప్రశ్న ఎత్తలేదు.

1945లో ఎన్నికల నుంచి తప్పుకుని, పెద్దల సభ సభ్యత్వం వద్దని, 1946లో ఆ బోర్డు అధ్యక్ష పదవి తనే తీసుకున్నాడు. 1959 దాకా వదల్లేదు. మంత్రి పదవి నాలుగేళ్ళయితే ఇది పదమూడేళ్ళు. లాక్ లోమండ్ సరస్సు పక్కన స్లాయ్ కేంద్రం 1950లో మొదలైంది. దాని పనుల్లో జర్మన్ యుద్ధ ఖైదీలూ ఉన్నారు. తర్వాతి పథకాల సొరంగాల్లో ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళు, పోలండ్ వాళ్ళు, కొండ ప్రాంతపు కుర్రాళ్ళు నీళ్ళలో నానుతూ, రాతి పొడి పీలుస్తూ షిఫ్టుల మీద షిఫ్టులు చేశారు. 1955లో సెంట్ ఫిలన్స్ దగ్గర ఏడు రోజుల్లో 557 అడుగులు తొలిచి ప్రపంచ రికార్డు కొట్టారు. కూలి బాగా ముట్టేది, ప్రాణాలూ పోయేవి.

పిట్‌లాక్రీలో అయితే ఊరంతా ఎదురుతిరిగింది. యాత్రికుల మీద బతికే ఊరు మరి, డ్యామ్ కడితే ఎవరొస్తారన్నారు. విచారణ జరిగింది, బోర్డు గెలిచింది, డ్యామ్ లేచింది. సాల్మన్ చేపలు ఎదురెక్కడానికి 310 మీటర్ల పొడవున 34 తొట్లతో మెట్లదారి కట్టారు. నీటిలోంచి చేప ఒక్కో తొట్టీ దాటుకుంటూ పైకి పోవడాన్ని చూడడానికే ఇప్పుడు జనం పిట్‌లాక్రీకి వస్తుంటారు. అప్పట్లో డ్యామ్ వద్దన్న హోటళ్ళకు ఆ జనం వల్ల నష్టమేమీ కలగలేదని వేరే చెప్పక్కర్లేదు.

చౌక కరెంటు చూసి కొండల్లోకి పరిశ్రమలు తరలి వస్తాయన్న ఆశ మాత్రం అనుకున్నంత ఫలించలేదు. దీపాలు వచ్చాయి, పాలు పితికే యంత్రాలు వచ్చాయి, ఆడవాళ్ళకు చాకిరీ కొంత తగ్గింది. కుర్రకారు మాత్రం గ్లాస్గోకు పోవడం మానలేదు. తీగ పడితే ఊరు నిలబడుతుందన్న లెక్కలో, పొలం ఎవరిది, ఇల్లు కట్టుకోవడానికి జాగా ఎవరిస్తారన్న లెక్క కలవలేదు.

స్వపరిపాలన విషయంలో ఆయన మార్పు ఇంకా లోతైనది. 1927లో స్కాట్లాండ్‌కు పార్లమెంటు ఇమ్మన్న బిల్లును జేమ్స్ బార్ ప్రవేశపెడితే బలపరిచింది జాన్‌స్టనే. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన స్వరం వేరు. వలసల్నీ బీదల సాయాన్నీ చూసుకుంటూ చివరికి శ్మశానానికి కాపలా కాసేందుకైతే ఎడింబరాలో పార్లమెంటు ఎందుకు, ముందు ఆర్థికంగా నిలబడాలి అన్నాడు. తనకు ఆ పదవి దొరికిన పరిస్థితులు దృష్టిలో ఉంటే ఈ వాదన బలహీనత తెలిసిపోతుంది. యుద్ధం, సంకీర్ణ ప్రభుత్వం, స్కాట్లాండ్ గురించి తల బద్దలుకొట్టుకునే తీరిక లేని ప్రధాని, ఎన్నికల బెడద లేని నాలుగేళ్ళు. ఈ నాలుగూ ఒక్కచోట కూడితేనే ఒక మంత్రి అంత చేయగలిగాడు. యుద్ధం అయిపోయింది, మండలి మాయమైంది, తర్వాత వచ్చిన మంత్రులు మళ్ళీ లండన్‌లో చెయ్యి చాపి నిలబడ్డారు. ఆయనంత నేర్పరి ఆ కుర్చీలో ఎప్పుడూ ఉంటాడన్న పూచీ ఎవరిస్తారు? ఎడింబరాలో పార్లమెంటు 1999లో కొలువుదీరింది. అమ్మకానికి వచ్చిన భూమిని ముందుగా తమకే అమ్మాలని అడిగే హక్కును గ్రామ సంఘాలకు ఇచ్చిన చట్టం 2003లో వచ్చింది, చేసింది ఆ పార్లమెంటే. జాన్‌స్టన్ వాయిదా వేసిన రెండు పనులూ ఆ వరసలోనే జరిగాయి.

ఆయన 1965 సెప్టెంబరులో పోయాడు. నెల తిరిగాక క్రువాకన్ కొండ కడుపులో కట్టిన పంప్ స్టోరేజీ కేంద్రాన్ని రాణి ప్రారంభించింది. రాత్రిపూట మిగిలిన కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరం పడ్డప్పుడు కిందికి వదిలే ఏర్పాటు అది. 1990ల మొదట్లో బోర్డును ప్రైవేటుపరం చేశారు, 1998లో అది ఇంగ్లండ్ కంపెనీతో కలిసి ఎస్‌ఎస్‌ఈ అనే కంపెనీ అయింది. గ్రిడ్ రాబడితో మారుమూల వినియోగదారుడి భారం తగ్గించే పద్ధతి మాత్రం అమ్మకంతో పోలేదు. ఒకే కంపెనీ తన ఉత్పత్తి లాభంతో తన పంపిణీ ఖర్చు పూడ్చుకోవడం కొత్త మార్కెట్ నియమాలకు కుదరదన్నప్పుడు, 2004 నాటి ఇంధన చట్టం ఆ భారాన్ని బ్రిటన్‌లోని కరెంటు సరఫరా కంపెనీలన్నిటి మీదా పంచింది. తీగ ఖర్చు ఎక్కువైన ఉత్తర స్కాట్లాండ్ కొండల కోసం లండన్ ఇంటి కరెంటు బిల్లు నుంచీ ఇప్పటికీ కొద్దిగా పోతూనే ఉంది.